ఎక్కే వరదకు సగటు

 

పట్టభద్రులారా, మీరు చదివింది జలవనరుల ఇంజనీరింగ్ కాబట్టి నీళ్ల మాటే మాట్లాడతాను. 1895లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ ప్రవాహ వేగాన్ని రెండుగా విడదీశాడు: సగటు ఒకటి, దాని చుట్టూ ఊగే హెచ్చుతగ్గులు మరొకటి. ఆ ఊగులాటే టర్బులెన్స్. నిలకడగా పారే కాలువలో ఈ లెక్క సాఫీగా సాగుతుంది. కాసేపు ఓపిగ్గా కొలిచి సగటు కడితే సరి. వరద పోటెక్కుతున్నప్పుడే చిక్కంతా. ఎక్కువసేపటికి సగటు కడితే, నీరు పెరగడం కూడా టర్బులెన్స్ ఖాతాలో పడుతుంది. తక్కువసేపటికి కడితే, పెద్ద సుడులు సగటులో కలిసిపోతాయి.

పరికరం గట్టెక్కిస్తుందనుకోకండి. అకౌస్టిక్ డాప్లర్ వెలాసిమీటర్‌నే తీసుకోండి. అది నీళ్లలోకి శబ్ద తరంగాలు పంపి, తన కొసకు కొన్ని సెంటీమీటర్ల అవతల, చిటికెడంత నీటిలోని నలుసుల నుంచి తిరిగొచ్చే ధ్వనిని బట్టి వేగం చెబుతుంది. కొన్ని రకాలైతే సెకనుకు 200 సార్ల దాకా. మరీ తేట నీరైతే దానికేమీ వినిపించదు, కాస్త మట్టి కలపాల్సిందే! బుడగ అడ్డొచ్చిందా, అంకె చివ్వున పైకి లేస్తుంది. అది సుడి కాదు, తప్పుడు రీడింగు. గోరింగ్, నికోరా అనే పరిశోధకులు 2002లో చూపిన పద్ధతితో అలాంటివి ఏరేయవచ్చు. ఎంతసేపటికి సగటు కట్టాలో మాత్రం ఏ పరికరమూ చెప్పదు. అది మీ పని.

ప్రయోగశాలలోని కాలువలో, అంటే ఫ్లూమ్‌లో, ఒక దారి ఉంది. ఒకే వరదను పదేపదే వదిలి, ప్రతిసారీ అదే క్షణాన నమోదైన వేగాలకు సగటు కడతారు. జపాన్‌లో నెజు అనే పరిశోధకుడి బృందం చేసిన ఫ్లూమ్ ప్రయోగాల్లో, నీరు తగ్గేటప్పటి కంటే పెరిగేటప్పుడే టర్బులెన్స్ ఎక్కువని తేలింది.

గోదావరి మాత్రం అదే వరదను రెండోసారి పంపదు. భద్రాచలం దగ్గర 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అయితే ఎక్కేటప్పటి 53, తీసేటప్పటి 53 ఒకటి కావు. అదే మట్టానికి సాధారణంగా ఎక్కేటప్పుడే ఎక్కువ నీరు పారుతుంది.

రేపు ఏ ప్రాజెక్టు ఆఫీసులోనో కూర్చుని వేగం ఇంత అని ఫైల్లో రాస్తారు. పక్కనే అది ఎంతసేపటి సగటో, అప్పుడు వరద ఎక్కుతోందో తీస్తోందో కూడా రాయండి. ముడి రీడింగులు చెరిపేయకండి. మీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవాళ్లకు వేరే సగటు కావాల్సి రావచ్చు.