మంచుఖండపు మట్టిలో ప్రాణం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడి మనది. ఈ పూట అంటార్కిటికా మట్టి సంగతి చెప్పుకుందాం. అక్కడ మట్టెక్కడిది అంటారేమో, ఉంది! మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌లో మంచు కప్పని రాతినేల కనిపిస్తుంది. ఆ మట్టిలో దొరికిన కొత్త బ్యాక్టీరియాను హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన ఎస్. శివాజీ బృందం 1992లో లోకానికి పరిచయం చేసింది. అప్పట్లో పెట్టిన పేరు స్ఫింగోబ్యాక్టీరియం అంటార్కటికస్. నోరు తిరగదు గానీ, ప్రాణం గట్టిది. చలికి నెయ్యి పేరుకున్నట్టు కణపు పొరలోని కొవ్వులు బిగుసుకుంటే పోషకాల రాకపోకలు మందగిస్తాయి. అందుకే చలిని ఓర్చుకునే సూక్ష్మజీవులు చాలావరకు పొరలో తేలిగ్గా బిగుసుకోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలను పెంచుకుంటాయి. వాటి ఎంజైములూ చలిలో చురుగ్గా పనిచేస్తాయి. చన్నీళ్లలోనే మరకలు వదిలించే బట్టల సబ్బుపొడికి కావలసినవి అలాంటి ఎంజైములే.