బడిలో బెదిరింపు: చెప్పాల్సింది ఎవరు, తేల్చాల్సింది ఎవరు

బడిలో పిల్లలపై జరిగే హింస విషయంలో చట్టం రెండు పనులను విడదీసి చూస్తుంది. ఒకటి సమాచారం ఇవ్వడం, రెండోది దర్యాప్తు చేయడం. మొదటిది సంగతి తెలిసినవారి బాధ్యత, రెండోది పోలీసుల పని. వాడుకలో మాత్రం ఈ రెంటి నడుమ ఇంకో అంచె వచ్చి చేరింది. హెడ్మాస్టరో, వార్డెనో, ఊరి పెద్దమనుషులో ముందుగా కూర్చుని నిజానిజాలు తేల్చడం, ఆ తర్వాత అవసరమనిపిస్తేనే ఠాణాకు కబురు పంపడం. లైంగిక నేరాల విషయంలో ఈ అంచెకు చట్టంలో చోటు లేదు.

2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ఈ మాటను సూటిగా చెప్పింది. 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారే కాదు, జరగవచ్చన్న భయం కలిగినవారు కూడా స్థానిక పోలీసులకు గానీ, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పాలి. అంటే బెదిరింపు దశలోనే బాధ్యత మొదలవుతుంది. చెప్పేవారు రుజువులు వెంట తేనక్కర్లేదు. సదుద్దేశంతో చెప్పినవారిపై సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు. చెప్పనివారికి 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని తెలియజేయని సంస్థ అధిపతికైతే ఏడాది వరకు జైలు, దానితో పాటు జరిమానా. పిల్లలకు ఈ శిక్ష వర్తించదు.

దీనికి ఆదిలాబాద్‌కు దగ్గరి ఉదాహరణ రాజురా. హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా తాలూకాగా ఉండి, 1956 పునర్విభజనలో అవతలికి పోయిన ఊరు అది. ఇప్పుడు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉంది. అక్కడి ఒక బడి హాస్టల్లో ఉన్న గిరిజన బాలికలపై లైంగిక దాడి జరిగిందని 2019 ఏప్రిల్‌లో కేసు నమోదైంది. దర్యాప్తులో 17 మంది బాధితుల సంగతి బయటికొచ్చింది. పిల్లలకు వైద్యం చేసిన డాక్టర్ విషయం తెలిసీ చెప్పలేదన్న ఆరోపణపై ఆయననూ నిందితుల్లో చేర్చారు. బొంబాయి హైకోర్టు 2021లో ఆయనపై కేసు కొట్టివేసింది. 2022 నవంబర్ 2న జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ సి.టి. రవికుమార్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ తీర్పును రద్దు చేసింది. ఆరోపణ నిజమో కాదో విచారణలోనే తేలాలి. అయితే సకాలంలో చెప్పకపోతే చట్టం ఉద్దేశమే దెబ్బతింటుందని, వెంటనే చెబితే వైద్య పరీక్ష, దర్యాప్తు ఆలస్యం లేకుండా మొదలవుతాయని కోర్టు గుర్తుచేసింది.

సమాచారం అందాక పోలీసులు చేయాల్సిన పనినీ చట్టం వరుసగా చెబుతుంది. ఫిర్యాదుకు నంబరు వేయాలి, రాసుకోవాలి, రాసింది చెప్పినవారికి చదివి వినిపించాలి, పుస్తకంలో ఎక్కించాలి. చెప్పేది పిల్లలైతే వాళ్లకు అర్థమయ్యే తేలిక మాటల్లో రాయాలి. ఉట్నూరు ఏజెన్సీలో గోండి, కొలామి మాట్లాడే ఇళ్ల నుంచి ఆశ్రమ పాఠశాలకు వచ్చిన పిల్లకు ఠాణా తెలుగు అందకపోతే దుబాసీని పిలిపించాలి. వాంగ్మూలం కోసం పిల్లను స్టేషన్‌కు రప్పించనక్కర్లేదు. ఉంటున్న చోట గానీ, తను కోరుకున్న చోట గానీ, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. రాత్రిపూట ఏ కారణంతోనూ పిల్లను ఠాణాలో ఉంచరాదు. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం పోక్సో కింది లైంగిక దాడి కేసుల దర్యాప్తు రెండు నెలల్లో ముగియాలి.

మధ్యలో రాజీ కుదిరితే కేసు పోతుందా? రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి కేసులో, విద్యార్థిని కుటుంబం రాజీపడిందన్న కారణంతో హైకోర్టు ఎఫ్ఐఆర్ కొట్టివేయగా, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. ఇలాంటి నేరం ఇద్దరి మధ్య తగాదా కాదని ఆ తీర్పు సారం.

లైంగికం కాని హింసకు వేరే చట్టాలున్నాయి. కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం కింద, ఫిర్యాదుపై చర్య తీసుకోని సంస్థ అధిపతిని నేరానికి సాయపడినట్టే లెక్కిస్తారు. మామూలు నేరపూరిత బెదిరింపుకు భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు, చంపుతానని బెదిరిస్తే ఏడేళ్ల వరకు జైలు. బెదిరించింది తోటి విద్యార్థి అయితే దారి వేరు. పద్దెనిమిదేళ్లు నిండని వారిని లాకప్‌లో పెట్టరాదు, 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందుంచాలి. ఘోర నేరమో, పెద్దలతో కలిసి చేసిన నేరమో అయితే తప్ప ఎఫ్ఐఆర్ కూడా ఉండదు. జనరల్ డైరీలో రాసి, పిల్లవాడి కుటుంబ నేపథ్యంపై నివేదిక జతచేస్తారు.

ఇక్కడే ఒక లోటు కనిపిస్తుంది. హత్య, దోపిడీ వంటి కొన్ని నేరాల విషయంలోనే పౌరులందరికీ సమాచారం ఇచ్చే బాధ్యతను సురక్షా సంహిత 33వ సెక్షన్ పెట్టింది. లైంగికమూ ర్యాగింగూ కాని మామూలు బెదిరింపును విన్న ఉపాధ్యాయుడు పోలీసులకు చెప్పకపోయినా పోక్సోలోలాగ శిక్ష లేదు. ఆ బెదిరింపును తేదీతో సహా రాసే రిజిస్టరు, తల్లిదండ్రులకు అదే రోజు కబురు, 1098కి ఫోన్ అనే మూడింటినీ ప్రతి బడికీ నిబంధనగా చేయడం ప్రభుత్వం వంతు. నిబంధన వచ్చేదాకా ఆ పని చేయకుండా ఏ బడినీ ఏ చట్టమూ ఆపడం లేదు.