బల్ల మీద రెండు కంప్యూటర్లు

"రెండు కంప్యూటర్లెందుకురా?" అని మా ఇంటికొచ్చిన మన బ్యాచ్ వాళ్లంతా అడుగుతారు. ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో లైనక్స్.

ఉద్యోగంలో చేరిన కొత్తలో విండోస్ ఒక్కటే వాడేవాణ్ణి. జీతాల లెక్కకి నేను రాసిన ప్రోగ్రాం నా దగ్గర చక్కగా నడిచింది. లైనక్స్ సర్వర్ మీద పెట్టగానే ఆగిపోయింది. తెల్లవార్లూ వెతికితే తేలిన తప్పు ఒకే ఒక్క అక్షరం! ఫైలు పేరులో పెద్దబడి ఆర్, ప్రోగ్రాంలో చిన్నబడి ఆర్. విండోస్ మామూలుగా ఆ రెండూ ఒకటే అనుకుంటుంది, లైనక్స్ వేరంటుంది. నా మూలంగా అంతమందికీ జీతాలు ఒకరోజు ఆలస్యమయ్యాయి. పెద్దబడి, చిన్నబడి కలిపేస్తే మార్కు కోసే మన ఇంగ్లీషు మాస్టారు ఆ రాత్రి ఎన్నిసార్లు గుర్తొచ్చారో!

1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టిన లైనక్స్‌లో, లోపలి కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. నేను సగం పని నేర్చుకున్నది అలాగే.

అయినా విండోస్‌ని వదల్లేదు. మన సావనీరు పేజీలు పెడుతున్న డీటీపీ ఆయన అను ఫాంట్లు, పేజ్‌మేకర్ దానిమీదే నడుపుతున్నారు. ఆయన పంపిన ఫైలు తెరిచి ప్రూఫు దిద్దాలంటే నాకూ అదే కావాలి. నిన్న రాత్రి పదకొండింటికి కూడా దిద్దాను.