తెర మీది కోడి, బరిలోని కోడి

(చరోదాలో విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శీతాకాలపు సెలవులు మొదలయ్యాయి. మన రైల్వే యార్డు కాలనీల నుంచి, భిలాయి సెక్టార్ల నుంచి పిల్లలు రాయగడ మీదుగా విజయనగరం, శ్రీకాకుళం, గోదావరి జిల్లాలకు బయలుదేరుతున్నారు. కొందరు సంక్రాంతి దాకా అక్కడే ఉంటారు. ఈ రోజుల్లో వారి కాలాన్ని ఆక్రమించేవి రెండు: వీడియో గేములు, కోడిపందేలు. ఈ రెండింటినీ కలిపి ఒక డిగ్రీ విద్యార్థి నన్ను ప్రశ్నించాడు. "సార్, నేను కంప్యూటరులో కోళ్లను పోట్లాడిస్తాను. మొదటి శీలం భంగమైనట్టేనా? అయినా మనం కోడికూర తింటాం కదా, పందేన్ని తప్పుపట్టే హక్కు మనకెక్కడిది?"

అతడు చెప్పిన ఆట ‘ఫార్ క్రై 6’. 2021 అక్టోబరులో ఊబిసాఫ్ట్ సంస్థ విడుదల చేసింది. యారా అనే కల్పిత కరీబియన్ ద్వీపంలో కథ నడుస్తుంది. అందులో ఆటగాడు పుంజులను ఎంచుకొని ఒకదాని మీదికి మరొకదాన్ని ఉసిగొల్పవచ్చు. ఈ భాగాన్ని తొలగించాలని జంతు హక్కుల సంస్థ పేటా లాటినో విభాగం కోరింది. మనుషులను వందలకొద్దీ కాల్చే ఆటలో కోడిపుంజు గురించే బాధా అని చాలామంది నవ్వారు.

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పవచ్చు. పాణాతిపాతం జరగాలంటే ఐదు అంగాలు కూడాలని పాలి అట్ఠకథలు వివరిస్తాయి. ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలిసి ఉండాలి, చంపాలన్న తలంపు ఉండాలి, ప్రయత్నం జరగాలి, ఆ ప్రయత్నంతోనే అది చావాలి. తెర మీద మొదటి అంగమే లేదు. కనుక శీలభంగం లేదు. పిల్లవాడి చేతిలో ఆట కనిపించగానే పాపం, నరకం అనే పెద్దలు మనలోనూ ఉన్నారు. ఆ భయం ధమ్మం నుంచి వచ్చింది కాదు.

అయితే దీఘనికాయంలోని బ్రహ్మజాలసుత్తాన్ని ఒకసారి చూడండి. శ్రమణులు దూరంగా ఉండవలసిన వినోదాలను అక్కడ వరుసగా చెప్పారు. ఏనుగుల పోరు, ఎద్దుల పోరు, పొట్టేళ్ల పోరు, కోళ్ల పోరు ఒక జాబితాలో ఉన్నాయి. ఎనిమిది గళ్ల పలక, పది గళ్ల పలక, పలకే లేకుండా ఆకాశంలో ఊహించుకొని ఆడే ఆట మరో జాబితాలో ఉన్నాయి. పలక లేని ఆట! నేటి వీడియో గేముకు ఇంతకంటే దగ్గరి పూర్వరూపం నాకు తోచడం లేదు. ఈ రెండో జాబితాకు పెట్టిన పేరులో ‘పమాదం’ అన్న మాట ఉంది. తెలుగులో మనం వాడే ప్రమాదం కాదది, ఏమరుపాటు. ఆటలోని దోషం ఏమరుపాటే. పరీక్షల ముందు రాత్రంతా ఆడేవారికి దాని సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఇక రెండో ప్రశ్న. దీనికి ఎక్కువ సమయం తీసుకుంటాను. తిండి పేరుతో మన పూర్వికులను ఎంతకాలం ఊరి వెలుపల ఉంచారో బాబాసాహెబ్ 1948లో వెలువరించిన ‘ది అన్‌టచబుల్స్’ చదివినవారికి తెలుసు. కాబట్టి కోడికూర తినేవాడికి కరుణ గురించి మాట్లాడే అర్హత లేదన్న వాదాన్ని మనం అంగీకరించవలసిన పని లేదు. ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’లో ఆయన చంపాలన్న కోరికను, చంపక తప్పని అవసరాన్ని వేరుచేసి చూపారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలలో సకల జీవుల పట్ల దయ కూడా ఒకటి. మాంసం మానాలన్న ప్రతిజ్ఞ వాటిలో లేదు.

అశోకుడి శాసనాలలోనూ ఈ వివేకమే ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద నేటికీ నిలిచివున్న మొదటి శిలాశాసనంలో తన వంటశాలలో ఇంకా రెండు నెమళ్లు, ఒక జింక చస్తున్నాయని, జింక కూడా ప్రతిరోజూ కాదని చక్రవర్తి నిజాయితీగా లెక్క చెప్పాడు. అయిదో స్తంభశాసనం ఉపయోగానికీ ఆహారానికీ రాని నాలుగు కాళ్ల జంతువులను చంపవద్దంటుంది. కోడిపుంజుల వృషణాలు తీయవద్దని కూడా అందులోనే ఉంది. ఒక సామ్రాజ్యం కోడిపుంజును గుర్తుపెట్టుకొని రాతిలో చెక్కించింది!

బరిలో జరిగేదేమిటి? నెలల తరబడి బాదం, జీడిపప్పు, కైమా పెట్టి, ఈత కొట్టించి పెంచిన పుంజు కాలికి కత్తి కడతారు. కొద్ది నిమిషాల్లో ఒకటి కూలుతుంది. ఎవరి ఆకలి కోసమూ ఈ ఏర్పాటు కాదు. చావును చూడటం, దాని మీద డబ్బు కాయడం కోసమే ఇదంతా. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం దీన్ని నేరమంటుంది. సంప్రదాయమంటారా? పల్నాటి కథనే తీసుకోండి. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టినవాడు, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్నవాడు బ్రహ్మనాయుడు. అంతటివాడు కోడిపోరులో ఓడి, మాచర్ల పక్షాన్ని ఏడేళ్ల వనవాసానికి తీసుకుపోవలసివచ్చింది. దాని కొస కారెంపూడి యుద్ధభూమిలో తేలింది. ఆ కథను మీసం మెలివేసి చెప్పేవారు ఈ భాగాన్ని ఎందుకో తొందరగా దాటేస్తారు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. బరిలోని కోడి కూడా తెర మీదికే వచ్చేసింది. ఫిలిప్పీన్స్‌లో ‘ఈ-సబోంగ్’ పేరుతో కోడిపందేలను ఫోనులో ప్రత్యక్షంగా చూపి పందేలు కాయించారు. ఆ వ్యాపారంతో ముడిపడిన ముప్పైమందికి పైగా మనుషులు అదృశ్యమయ్యాక, 2022 మేలో అక్కడి ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. మన దగ్గరా పందేల వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. ఫార్ క్రై పుంజుకూ ఈ పుంజుకూ తెర మీద ఉన్న తేడా వేలితో తాకితే తెలియదు. అదే గాజు పలక, అదే ఉత్కంఠ, అదే గెలుపు. కాని రెండోదానిలో ఐదు అంగాలూ ఉన్నాయి. పందెం కాసినవాడి డబ్బే ఆ కత్తిని కట్టించింది. ఆటను ఆట అని తెలిసి ఆడే కుర్రవాడి కంటే, నిజాన్ని ఆటలా చూసే పెద్దమనిషి గురించే నాకు ఎక్కువ దిగులు.

ఆ పెద్దమనుషులు ఈ సభలోనూ ఉన్నారు. పిల్లల చేతిలోని ఫోనును కసురుకొని, జనవరిలో సెలవు పెట్టి బరికి వెళ్లేవారు ఎవరెవరో కాలనీలో అందరికీ తెలుసు. బస్తరు వారపు సంతల్లో ముర్గా లడాయి చూడటానికి బండ్లు కట్టుకొని పోయేవారూ మనవారే. వారితో మాట్లాడవలసిన భారం పిల్లల మీద వేయకండి. "మామయ్యా, నేను రాను" అని పండగనాడు ఒంటరిగా అనవలసిన స్థితి ఆ పిల్లవాడికి ఎందుకు? ఊరికి రైలు ఎక్కకముందే, ఈ వారంలోనే, సంఘం పెద్దలు ఇంటింటికీ వెళ్లి ఆ మాట కదపాలి. నేను ఆదివారం యార్డు కాలనీ నుంచి మొదలుపెడుతున్నాను. తోడు వచ్చేవారు సభ ముగిశాక పేర్లు ఇవ్వండి.