పోయెననుకొన్న పాటలు

ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు ప్రాంతములలోని గోండు గూడెములకు పోయి కొన్ని యేండ్లపాటు మేము పాటలను ధ్వనిముద్రణము చేసితిమి. గోండుల వంశచరిత్రలను, దేవతల కథలను తరతరములుగా పాడి వినిపించువారు ప్రధానులు, తోటీలు. కిక్రీ యను తంత్రీవాద్యమును వాయించుచు వారు పాడు కథలలో పెక్కింటికి పాడువాని జ్ఞాపకమే గ్రంథము. ఆ పాటలన్నిటిని కరీంనగరములోని మా యింట రెండు డిస్కులలో దాచుకొంటిమి. ఒకనాడు ఆ రెండును తెరుచుకొనలేదు. అవి మరల మా చేతికి వచ్చిన విధమును, మధ్యలో మేము చేసిన తప్పును చెప్పినచో శ్రోతలకు కొంత యుపయోగము కలుగునని తలచుచున్నాము. పెండ్లి ఫోటోలు, పిల్లల మాటలు, భూమి కాగితములు నేడు ఇంటింట ఇట్టి పరికరములలోనే యున్నవి గదా!

ముందుగా డిస్కుల అమరిక యెట్టిదో చూతము. ఒక డిస్కు చాలనప్పుడు రెండు మూడింటిని కలిపి ఒకే పెద్ద డిస్కువలె వాడుకొను పద్ధతి కలదు. లైనక్స్ వ్యవస్థలో దీనిని లాజికల్ వాల్యూమ్ మేనేజర్, క్లుప్తముగా ఎల్.వీ.ఎం. అందురు. పెద్ద కంప్యూటర్లలో అంతకుముందే యున్న యీ పద్ధతిని 1998లో హైంజ్ మౌల్స్‌హాగెన్ లైనక్స్ కొరకు సిద్ధము చేసెను.

మన పల్లెలో ఒక రైతునకు చెరువు క్రింద రెండెకరములు, వాగు గట్టున ఒక ఎకరము, గుట్ట ప్రక్కన మూడెకరముల చెలక యున్నదనుకొందము. మూడును మూడు సర్వే నంబర్లు. అయినను పహాణీలో మూడును ఆతని పేరనే యుండుటచే ఆతని భూమి ఆరెకరములని లెక్కింతుము. లాజికల్ వాల్యూమ్ కూడ నట్టిదే. విడివిడి డిస్కులు సర్వే నంబర్లు. వానిని సాధారణముగా నాలుగేసి మెగాబైట్ల మళ్ళుగా విభజింతురు. ఏ మడి ఏ వాల్యూమునకు చెందునో, ఏ వరుసలో వచ్చునో తెలుపు పట్టికయే దాని పహాణీ. దానిని మెటాడేటా అందురు. ప్రతి డిస్కునకును వేరొకదానికి లేని గుర్తింపు సంఖ్య యొకటి ఆ పట్టికలో వ్రాయబడి యుండును.

పహాణీ చిరిగినంతమాత్రమున పొలము మాయము కాదు. ఎవరిది యేదో తెలియక చిక్కు కలుగును, అంతియే. కాని ఆ చిక్కులో ఎవరైన నాగలి కట్టి దున్నినచో గట్లు చెరిగిపోవును. డిస్కు విషయమున దున్నుట యనగా దానిపై మరల వ్రాయుట.

మేము చేసిన తప్పు సరిగా నదియే. వేసవిలో ఒకనాడు కరెంటు పోయి వచ్చినంతనే మా కంప్యూటరు కాలిపోయినది. వ్యవస్థ యున్న చిన్న డిస్కు దానితోనే పోయినది. పాటలున్న డిస్కులైన బాగున్నవో లేవో చూతమని రెండవదానిని తీసి, పొరుగింటి విండోస్ కంప్యూటరునకు తగిలించితిమి. ఈ డిస్కును ఇనిషియలైజ్ చేయవలెనని తెరపై కనబడెను. చేసిననే గాని చూడ వీలుపడదేమో యనుకొని సరే యని నొక్కితిమి. ఆ తరువాత తెరపై కనబడినది ఖాళీ డిస్కు!

మా తమ్ముని కుమారుడు ఈ విద్య నేర్చినవాడు. ఫోనులో సంగతి వినగనే, “పెద్దబాపూ, ఇగ మీరేం ముట్టకుండ్రి. తీగ పీకి పక్కన పెట్టుండ్రి, నేనొస్త” అనెను. మాకు దక్కిన మేలంతయు ఆ ఒక్క మాటవలననే దక్కినది.

అతడు వచ్చి జరిగినదానిని విప్పి చెప్పెను. 512 బైట్ల సెక్టార్లుగా లెక్కించినచో, విండోస్ తన కొత్త పట్టికను డిస్కు మొదట 34 సెక్టార్లలోను, చివర 33 సెక్టార్లలోను వ్రాసినది. ఎల్.వీ.ఎం. ముద్ర యుండునది రెండవ సెక్టారులో. పహాణీ దాని వెనుకనే నాలుగు కిలోబైట్ల యొద్ద మొదలగును. ఆ రెండును చెరిగినవి. కాని పాటలున్న భాగము మొదటి మెగాబైటు దాటిన తరువాత గాని ప్రారంభము కాదు. కనుక పొలము దున్నబడలేదు, పహాణీయే చిరిగినది.

పిమ్మట అతడు చేసిన పనుల వరుస గమనింపదగినది. మొదటి పని, కొత్త డిస్కులు తెచ్చి పాతవానికి అక్షరాక్షరము నకలు తీయుట. ఇందుకు డీడీరెస్క్యూ యను ఉచిత సాధనము కలదు. అది సులువుగా చదువబడు భాగములను ముందుగా తీసికొని, మొండికేయు భాగములను కడపట ప్రయత్నించును. ఎంతవరకు వచ్చినదో పటము వ్రాసికొనును గనుక నడుమ కరెంటు పోయినను పని మొదటికి రాదు. అటుపై చేయు ప్రయోగములన్నియు నకలు మీదనే. అసలును తాకరాదు.

రెండవ పని పహాణీని వెదకుట. సామాన్యముగా దాని పాత ప్రతులు వ్యవస్థ డిస్కులోని ఆర్కైవ్ అను చోట నుండును. మాకది కాలిపోయినది. అయితే ఎల్.వీ.ఎం.లో ఒక మంచి యేర్పాటు కలదు. గుంపులోని ప్రతి డిస్కు మొదటను మొత్తము పహాణీ ప్రతి యొకటి సాధారణముగా నుండును, అదియు మనుష్యులు చదువగల అక్షరములలోనే. మేము ముట్టని మొదటి డిస్కులో అది భద్రముగా నుండెను. రెండవ డిస్కు గుర్తింపు సంఖ్య యందులో దొరకెను.

మూడవ పని, రెండవ డిస్కు నకలుపై విండోస్ ముద్రను తొలగించి, పాత గుర్తింపు సంఖ్యతో పీవీక్రియేట్ ఆజ్ఞ నిచ్చి, వీజీసీఎఫ్‌జీరిస్టోర్ అను ఆజ్ఞతో పహాణీని తిరిగి నిలుపుట. పిదప వాల్యూమును మేల్కొలిపి, చదువుటకు మాత్రమే తెరచి, ఫైళ్ళను వేరొక డిస్కునకు తరలించెను. మరమ్మతు చేయు ఎఫ్‌ఎస్‌సీకే సాధనమును మార్పులు చేయకుండ పరీక్షకే వాడెను. తొందరపడి మరమ్మతునకు పూనుకొన్నచో బాగున్నవి కూడ చెడవచ్చును. కనబడని డిస్కును గుంపునుండి తొలగింతునా యని వ్యవస్థ అడిగినను ఒప్పుకొనరాదు.

అన్ని వేళల నిట్టి అదృష్టము కలుగదు. ఫైళ్ళను చారలు చారలుగా రెండు డిస్కులపై పంచి వ్రాసియున్నచో ఒక డిస్కు పోయిన రెండవది యున్నను ప్రయోజనము స్వల్పము. ఎస్.ఎస్.డీ.లో ట్రిమ్ అను ఏర్పాటుచే చెరిపినది నిజముగనే పోవచ్చును. డిస్కు టకటక చప్పుడు చేయుచున్నచో వెంటనే ఆపి, దుమ్ము లేని గదిలో విప్పి బాగుచేయు నిపుణుల కప్పగింపవలెను.

మాకు పాటలు తిరిగి వచ్చినవి, రెండు తప్ప. రెండవ డిస్కులో కొన్ని సెక్టార్లు ముందే చెడి యుండెను. ఆ రెండు పాటలు అచ్చట నుండెను. ఒక గాయకుడు దయతో మరల పాడి యిచ్చెను. రెండవ పెద్దాయన అంతకు ముందటి యేడే కాలము చేసెను. కుమారుడు పాడి వినిపించెను. కథ దొరకినది గాని తండ్రి చేసిన విరుపులు, నడుమ ఆగి మాకు చెప్పిన వివరములు దొరకలేదు. మరియొక నకలు తీసి యుంచినచో ఆ నష్టము కలుగకుండెడిది. దానికి మేమే బాధ్యులము.

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండీ లిపిలోని వ్రాతప్రతులు కొన్ని దొరకిన సంగతి శ్రోతలలో కొందరికి తెలిసియుండును. హైదరాబాదు విశ్వవిద్యాలయము నుండి జయధీర్ తిరుమలరావు గారి నాయకత్వమున వచ్చిన పరిశోధకులు వానిని వెలుగులోనికి తెచ్చిరి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరినది. ఒక యూరి ఇండ్లలో మిగిలిన యక్షరములకు నేడు లోకములోని కంప్యూటర్లలో చోటు కలదు. ఆ కాగితములు చెదలు పట్టకముందే కొందరు పూనుకొనుటచే నది సాధ్యమైనది.

కావున శ్రోతలకు మా మనవి యిది. విలువైనది ఏదైనను రెండు నకళ్ళు తీసి, ఒకదానిని వేరొక యూరిలోని బంధువుల యింట నుంచుడు. డిస్కులను కలిపి వాడువారు పహాణీ నకలును వేరొకచోట దాచుకొనుడు. ఎప్పుడైన డిస్కు తెరుచుకొననిచో, తెర ఏమి యడిగినను సరే యనక, ముందు తీగ తీసి ప్రక్కన పెట్టుడు.