సాగరశిశువు – రింజని పర్వత సరోవరం
(ప్రసంగ పాఠం)

ఇండోనేసియాలోని లోంబోక్ ద్వీపంలో, సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఒక సరస్సు ఉన్నది. దాని పేరు సెగర అనక్. ‘సెగర’ సంస్కృతంలోని సాగర శబ్దమే. ‘అనక్’ అంటే అక్కడి భాషలో బిడ్డ. సాగరశిశువు! సంస్కృత శబ్దమొకటి సముద్రాలు దాటి పర్వతగర్భంలో స్థిరపడిన వైనమిది.

ఆ సరస్సును చేరడం సులభసాధ్యం కాదు. సెనారు గ్రామం నుండి బయలుదేరిన యాత్రికుడు దట్టమైన అరణ్యం గుండా దాదాపు 2,000 మీటర్లు పైకి ఎక్కవలసి ఉంటుంది. సామానులు మోసే ససక్ యువకులు వెదురుబద్దకు రెండు వైపులా బుట్టలు వ్రేలాడగట్టి భుజాన మోస్తారు. తెలుగువారు చూస్తే వెంటనే కావడి అంటారు. అగ్నిపర్వత బిలం అంచుకు చేరగానే అడుగున నీలహరిత జలం, నీటిని ఒరసుకొని లేచిన బరుజారి అనే నల్లని కొండ, ఎదుట 3,726 మీటర్ల రింజని శిఖరం గోచరిస్తాయి. అక్కడి నుండి మరల ఆరువందల మీటర్లు రాళ్ల బాటలో దిగితేగాని నీరు అందదు.

ఈ సౌందర్యం మహావినాశం నుండి పుట్టినది. 1257లో సమలస్ పర్వతం బ్రద్దలై కూలగా ఏర్పడిన బిలంలోనే ఈ నీరు నిలిచింది. పమతాన్ అనే నగరం నాశనమైనదని ‘బాబద్ లోంబోక్’ అనే తాళపత్ర గ్రంథం చెబుతున్నది. ఆ విస్ఫోటనపు గంధకం జాడలు ధ్రువప్రాంతాల మంచులో దొరికినా, అవి ఏ పర్వతానివో శాస్త్రజ్ఞులకు చిరకాలం తెలియలేదు. 2013లో ఆ చిక్కు విడినప్పుడు తాళపత్రాల సాక్ష్యం కూడ తోడ్పడింది.

బాలి హిందువులు పెకెలెం ఉత్సవంలో ఈ నీటికి స్వర్ణాది కానుకలు సమర్పిస్తారు. ఇస్లాం మతస్థులైన ససక్ ప్రజలకు కూడ ఇది పవిత్రస్థలమే. ప్రార్థనకు, సమీపంలోని వేడినీటి బుగ్గలలో స్నానానికి వారు వస్తారు. ఇరువురికీ బాట ఒకటే, శ్రమ ఒకటే.

2018 జూలై 29న భూకంపం వల్ల కొండచరియలు విరిగిపడి వందలాది యాత్రికులు పైన చిక్కుకొన్నారు. సహాయక బృందాలు, స్థానిక మార్గదర్శకులు వారిని క్రిందికి చేర్చారు. సరిగ్గా వారానికి వచ్చిన పెనుభూకంపం ఆ ద్వీపంలో వందలాది ప్రాణాలను బలిగొన్నది. అయినా 2019లో బాటలు తిరిగి తెరిచారు. కావడులు మరల కదిలాయి.

అటువంటి చోట పర్వతాన్ని జయించామనే మాట చెల్లదు. కావడి మోసినవాని శ్రమకు తగిన ప్రతిఫలమిచ్చి, తాను తెచ్చిన చెత్తను తానే మోసుకొని దిగినవాడే ఆ సరస్సుకు నిజమైన అతిథి.