యూనిఫాం విప్పిన తర్వాత - హెలికాప్టర్ పైలట్లుగా స్త్రీలు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కూలిరేట్లు, వరకట్నం, సారా, గృహహింస గురించి మాట్లాడుకునే చోట హెలికాప్టర్ పైలట్ల సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ పనిలో ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద చాలా కొద్దిమంది. కానీ ఒక వృత్తిలోకి స్త్రీలను రాకుండా ఎలా ఆపుతారో, వచ్చాక కూడా గడప దగ్గరే ఎలా నిలబెడతారో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

మన దేశంలో పైలట్లలో స్త్రీలు సుమారు 15 శాతమని, ప్రపంచ సగటు 5 శాతమేనని ప్రభుత్వం గర్వంగా చెబుతోంది. సంతోషమే. అయితే వీళ్ళలో అత్యధికులు విమానాలు నడిపేవాళ్ళు. హెలికాప్టర్ దగ్గరికి వచ్చేసరికి స్త్రీలు అరుదుగా కనిపిస్తారు. కారణం స్త్రీల ధైర్యంలో లేదు, శిక్షణ దొరికే దారిలో ఉంది. విమానం నడపడం నేర్పే సంస్థలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. హెలికాప్టర్ నేర్పే పౌర సంస్థలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఖర్చు కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే కంపెనీలు మొదటినుంచీ సైన్యం మీదే ఆధారపడ్డాయి. బొంబాయి హై చమురు బావులకు సిబ్బందిని చేరవేసేవాళ్ళలో, కేదార్‌నాథ్ యాత్రికులను తీసుకెళ్ళేవాళ్ళలో, ఎన్నికలప్పుడు నాయకులను ఊరూరా తిప్పేవాళ్ళలో చాలామంది సైన్యం నుంచి వచ్చినవారే. అంటే ప్రజల డబ్బుతో ఇచ్చిన శిక్షణే బయట బతుకుతెరువు అవుతోంది. సైన్యం స్త్రీలను రానివ్వకపోతే, బయటి ఉద్యోగం కూడా వాళ్ళకు రానట్టే.

ఇది మన ఒక్క దేశం సంగతి కాదు. వియత్నాం యుద్ధం తర్వాత అమెరికాలో పౌర హెలికాప్టర్ రంగం నిండా ఆ యుద్ధంలో ఎగిరినవాళ్ళే. హెలికాప్టర్ నడిపే స్త్రీలు 1955లోనే 13 మంది కలిసి వర్లీ గర్ల్స్ అనే సంఘం పెట్టుకున్నారు. అయినా అమెరికన్ సైన్యం ఒక స్త్రీని హెలికాప్టర్ పైలట్‌గా తయారుచేసింది 1974లో. యుద్ధ విమానాల్లోకి స్త్రీలను అనుమతించింది 1993లో. ఈలోగా పౌర ఉద్యోగాలు నిండిపోయాయి.

మన దగ్గర మహిళా పైలట్ల తొలి బ్యాచ్ 1994లో వాయుసేనలో చేరింది. వాళ్ళు శిక్షణ పొందింది మన హైదరాబాద్ పక్కనే, దుండిగల్‌లో. హెలికాప్టర్ నేర్పేది హకీంపేటలో. 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ చీతా హెలికాప్టర్లు నడిపారు. అందరూ మెచ్చుకున్నారు. 2004లో గుంజన్ సక్సేనా సర్వీసు ముగిసింది. శాశ్వత కమిషన్ లేదు. సైన్యం హెలికాప్టర్ విభాగంలో మొదటి మహిళా పైలట్ రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనించండి. వాయుసేనలో షార్ట్ సర్వీస్ కింద చేరిన పైలట్‌కు గడువు 14 ఏళ్ళు. అధికారికి పింఛను రావాలంటే 20 ఏళ్ళు పనిచేయాలి. 22 ఏళ్ళకు చేరిన అమ్మాయి 36 ఏళ్ళకు, పింఛను లేకుండా బయటికి వస్తుంది. షార్ట్ సర్వీస్ మగవాళ్ళకూ ఇదే గడువు. కానీ మగవాళ్ళకు ఎన్.డి.ఎ. ద్వారా శాశ్వత ఉద్యోగపు దారి ఎప్పటినుంచో ఉంది. ఆడపిల్లలకు ఆ దారి సుప్రీంకోర్టు జోక్యంతో 2022లోగాని తెరుచుకోలేదు. 1993-98 మధ్య వాయుసేనలో చేరి, తర్వాత బయటికి పంపబడిన 32 మంది మహిళా అధికారులకు పింఛను విషయం పరిశీలించమని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టే పూనుకోవాల్సి వచ్చింది.

బయటికి వచ్చాక ఏమిటి? సైన్యంలో ఎగిరిన గంటలు లెక్కకు వస్తాయి. కానీ పౌర లైసెన్సు వేరు. విమానయాన నిబంధనల పరీక్ష రాయాలి, వైద్యపరీక్ష నెగ్గాలి, కంపెనీ వాడే రకం హెలికాప్టర్ మీద మళ్ళీ శిక్షణ పొందాలి. చీతాకు ఒకే ఇంజన్. సముద్రం మీదికి వెళ్ళే ఉద్యోగాలకు రెండు ఇంజన్ల అనుభవం, కమాండర్‌గా ఎగిరిన గంటలు అడుగుతారు. ఎవరికి ఎలాంటి పోస్టింగ్ ఇచ్చారన్నదే రేపటి జీతాన్ని నిర్ణయిస్తుంది. పై అధికారి ఆడవాళ్ళకు కష్టమైన పని వద్దని దయ తలిస్తే, ఆ దయ ఖరీదు ఆమె లాగ్‌బుక్‌లో గంటల లోటుగా మిగులుతుంది.

పైగా అది సరిగ్గా పిల్లలు పుట్టే, పెరిగే వయసు. గర్భం వస్తే నెలల తరబడి ఎగరలేదు. మళ్ళీ ఎగరాలంటే పరీక్షలు. ప్రసూతి సెలవు 2017లో 26 వారాలకు పెరిగింది. కానీ కాంట్రాక్టు ముగిసిందని చెప్పి పంపేస్తే ఆ సెలవు ఎవరిని అడగాలి? ఎయిర్ ఇండియాలో మొదటి గర్భానికే ఎయిర్ హోస్టెస్‌ను తీసేసే నిబంధనను 1981లో నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నిబంధన పోయినా ఆ ఆలోచన పోలేదు.

ఇక ఇక్కడ ఉన్న కొందరి మనసులో మెదిలే ప్రశ్న. యుద్ధాన్ని వ్యతిరేకించే మనం సైన్యంలో స్త్రీల కోసం ఎందుకు పోరాడాలి? న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. యుద్ధాన్ని వ్యతిరేకిద్దాం. కానీ వరదల్లో ఇంటికప్పు మీద చిక్కుకున్నవాళ్ళను పైకి లాగే హెలికాప్టర్ కూడా ఆ శిక్షణతోనే ఎగురుతుంది. ఆ శిక్షణ ప్రజల సొత్తు. ఆ సొత్తులో స్త్రీల వాటా అడగడం యుద్ధాన్ని సమర్థించడం అవదు.

అలాగే ఉద్యోగం దొరికితే చాలని ఊరుకోకూడదు. 2025 జూన్ 15న కేదార్‌నాథ్ దారిలో హెలికాప్టర్ కూలి ఏడుగురు చనిపోయారు. పైలట్ సైన్యం నుంచి వచ్చినవాడే. మబ్బు పట్టినప్పుడు ఎగరనని చెప్పే హక్కు స్త్రీకైనా పురుషుడికైనా ఉండాలి. ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న చోట ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

కాబట్టి మనం అడగాల్సినవి నాలుగు. షార్ట్ సర్వీస్‌వారికి పనిచేసిన ఏళ్ళ దామాషాలో పింఛను ఇవ్వాలి. సర్వీసులో ఉండగానే, ప్రభుత్వ ఖర్చుతో పౌర లైసెన్సు ఇప్పించాలి. కాంట్రాక్టు పైలట్లకూ ప్రసూతి సెలవు, తర్వాత తిరిగి పనిలోకి తీసుకునే హామీ ఉండాలి. ప్రభుత్వ హెలికాప్టర్ కాంట్రాక్టులు పొందే కంపెనీలు ఎంతమంది స్త్రీలను తీసుకున్నాయో ఏటా ప్రకటించాలి.

అంగన్‌వాడీ కార్యకర్తలకు గౌరవ వేతనం అని పేరుపెట్టి పింఛను ఎగ్గొట్టడం, పైలట్‌కు షార్ట్ సర్వీస్ అని పేరుపెట్టి ఎగ్గొట్టడం ఒకే పద్ధతి. వాళ్ళ పోరాటం మనకు తెలుసు. వీళ్ళ పోరాటాన్ని కూడా మన జాబితాలో చేర్చుకుందాం.